ఒకే లింకు ఘటన, నాలుగు టైములు: సిస్‌లాగ్‌లో వరస తేల్చేదెలా?

స్విచ్‌గది:

నెట్‌వర్క్ ఇదీ: సిస్కో కోర్ స్విచ్‌లు 2, యాక్సెస్ స్విచ్‌లు 36 (సిస్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్, ఎక్కువగా పాత మోడళ్లు), రూటర్లు 2, ఫైర్‌వాల్ 1. లాగ్‌లన్నీ సిస్‌లాగ్‌గా (పరికరాలు తమ లాగ్ లైన్లను సర్వర్‌కి పంపే పద్ధతి) 10.10.5.20 మీదున్న ఉబుంటు సర్వర్‌కి వెళ్తాయి. అక్కడ వాటిని అందుకునే ప్రోగ్రామ్ ఆర్‌సిస్‌లాగ్, యూడీపీ పోర్టు 514.

జులై 11 తెల్లవారుజామున కోర్-1 మీది లింకులు కొన్ని ఒక్కసారిగా పడి లేచాయి. ముందు ఏది పడిందో తేల్చాలి. సర్వర్‌లో దొరికినవీ, పరికరాల్లో షో లాగింగ్ కొట్టి తీసినవీ పక్కపక్కన పెడితే ఇలా ఉంది:

కోర్-1: జులై 11 02:14:08.407: %లింక్-3-అప్‌డౌన్
రూటర్-1: జులై 10 20:44:09.112: %ఓఎస్‌పీఎఫ్-5-ఏడీజేసీహెచ్‌జీ, నైబర్ డౌన్, ఇంటర్‌ఫేస్ డౌన్ ఆర్ డిటాచ్డ్
యాక్సెస్-22: జులై 11 01:44:08.950: %లింక్-3-అప్‌డౌన్
యాక్సెస్-17: *మార్చి 19 06:41:12.330: %లింక్-3-అప్‌డౌన్

కోర్‌లు, రూటర్లు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద గడియారాలు కలిపే పద్ధతి) ఫైర్‌వాల్ నుంచి టైమ్ తీసుకుంటున్నాయి. యాక్సెస్ స్విచ్‌లు కొన్నింటికి కోర్ అడ్రస్ ఇచ్చి ఉంది, మిగతా దాదాపు అన్నిటికీ 10.10.5.20. ఆ మిగతా వాటిలో షో ఎన్‌టీపీ అసోసియేషన్స్ కొడితే రెఫ్ క్లాక్ దగ్గర డాట్ ఇనిట్ డాట్, స్ట్రాటమ్ (అసలు గడియారానికి ఎన్ని మెట్ల దూరమో చెప్పే అంకె) 16 అంటే సింక్ లేనట్టు, రీచ్ (జవాబులొచ్చిన లెక్క) 0. సర్వర్‌లో టైమ్ మాత్రం సరిగ్గానే ఉంది.

ఇంకో సందేహం. యాక్సెస్-17 లింకు పడిన లైను సర్వర్‌లో అసలు లేదు, స్విచ్ బఫర్‌లో మాత్రమే ఉంది. కోర్‌లలో లాగింగ్ ట్రాప్ (సర్వర్‌కి ఏ తీవ్రత దాకా పంపాలో చెప్పే సెట్టింగ్) వార్నింగ్స్ అని ఉంది. దానివల్లేనా?

---

లూప్‌బ్యాక్0:

ముందు గడియారాల సంగతి. తేడా ఎంతుందో చూస్తే చాలు, జబ్బేమిటో అదే చెప్పేస్తుంది.

రూటర్-1 సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంది. అంటే గడియారం బాగానే ఉంది, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైమ్, మన ఐఎస్‌టీకి ఐదున్నర గంటలు వెనక) రాస్తోందంతే. ఎన్‌టీపీ ప్యాకెట్‌లో టైమ్‌జోన్ అనేదే ఉండదు. అది మోసుకొచ్చేది యూటీసీ మాత్రమే, దాన్ని ఐఎస్‌టీగా మార్చి చూపించడం పరికరం పని. రూటర్‌లో షో క్లాక్ కొట్టి చూడండి. అక్కడ ఐఎస్‌టీ కనిపిస్తూ లాగ్‌లో మాత్రం యూటీసీ వస్తుంటే, క్లాక్ టైమ్‌జోన్ ఇచ్చారు గానీ సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లైనులో లోకల్‌టైమ్ అనే మాట మరిచిపోయారన్నమాట. ఈ రెండూ వేర్వేరు సెట్టింగులు. చాలామంది మొదటిది ఇచ్చి పనైపోయిందనుకుంటారు.

యాక్సెస్-22 అరగంట వెనక. దీనికి షో రన్ కూడా చూడనక్కర్లేదు. క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 అని కొట్టి, వెనక 30 వేయకుండా ఎంటర్ నొక్కారు. సున్నా నిమిషాలని అనుకుని ఐఓఎస్ నోరెత్తకుండా ఒప్పుకుంటుంది. సరైనది: క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30.

యాక్సెస్-17 ముందున్న నక్షత్రం ముఖ్యం. ఐఓఎస్‌లో టైమ్ ముందు నక్షత్రం ఉంటే ఆ గడియారం నమ్మదగ్గది కాదని, అంటే దాన్ని ఎవరూ సెట్ చేయలేదని అర్థం. నక్షత్రం బదులు చుక్క ఉంటే ఒకప్పుడు సరిగ్గానే ఉండి, ఇప్పుడు ఎన్‌టీపీతో తెగిపోయిందని. ఏ గుర్తూ లేకపోతే సింక్‌లో ఉన్నట్టు. బ్యాటరీ గడియారం లేని పాత క్యాటలిస్ట్‌లు ఆన్ కాగానే 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. కాబట్టి మార్చి 19 అనేది తేదీ కాదు. స్విచ్ ఆన్ అయి పద్దెనిమిది రోజుల చిల్లర అయిందన్న లెక్క, అంతే.

ఆ లెక్క తప్పు తేదీతోనే అయినా ఒకే వేగంతో నడుస్తోంది కాబట్టి, పాత లైనుకు అసలు టైమ్ రాబట్టొచ్చు. స్విచ్‌ని మాత్రం రీలోడ్ చేయకండి, గడియారాన్ని ఇప్పుడే సరిచేయకండి కూడా. 17లోకి వెళ్లి కాన్ఫిగరేషన్ మోడ్‌లోకి దిగి వెంటనే ఎండ్ కొట్టండి. బఫర్‌లో కొత్తగా ఒక %ఎస్‌వైఎస్-5-కాన్ఫిగ్_ఐ లైను పడుతుంది. అదే క్షణంలో కోర్‌లో షో క్లాక్ చూసి రాసుకోండి. ఉదాహరణకు కొత్త లైను *మార్చి 19 17:02:40 అని పడి, కోర్ 12:35:35 చూపించిందనుకుందాం. 06:41:12 నుంచి 17:02:40 వరకు 10 గంటల 21 నిమిషాల 28 సెకన్లు. 12:35:35లోంచి అది తీసేస్తే 02:14:07. లింకు పడిన టైమ్ అదీ.

షో క్లాక్‌తో పోల్చకుండా కొత్త లాగ్ లైనుతోనే ఎందుకంటే, 17లో కూడా లోకల్‌టైమ్ తిరకాసు ఉంటే షో క్లాక్‌కీ లాగ్‌కీ మధ్యే ఐదున్నర గంటలు తేడా వస్తుంది. లాగ్ లైనుని లాగ్ లైనుతో పోల్చితే ఆ గొడవ లేదు.

అయితే 02:14:07 వచ్చింది కదా, కోర్‌లో 02:14:08 ఉంది కదా, 17 ముందు పడిందని రాసేయకండి. సింక్ లేని గడియారపు స్ఫటికం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తప్పినా పదిగంటల్లో దాదాపు 2 సెకన్లు జరుగుతుంది. పైగా కళ్లతో రెండు స్క్రీన్లు చూసి రాసుకోవడంలో ఒక సెకను ఎటూ పోతుంది. మీరు తేల్చాల్సిన తేడా ఒక్క సెకను, మీ కొలబద్ద తప్పు రెండు మూడు సెకన్లు. అది దాంతో తేలదు.

తేలే దారి వేరే ఉంది. పడిన లింకులన్నీ కోర్-1 మీదివే కాబట్టి, కోర్-1లోనే షో లాగింగ్ తీసి అందులో పోర్టుల వరస చూడండి. ఒకే గడియారం, మిల్లీసెకన్లతో సహా. ఆ గడియారం తప్పుగా ఉన్నా వరస మారదు. కోర్-1 మధ్యలో రీబూట్ అయి ఉంటే మాత్రం బఫర్ ఖాళీ, అప్పుడు పై లెక్కలే గతి.

రూటర్ లైను గురించి ఒక్క మాట (ఓఎస్‌పీఎఫ్ అంటే రూటర్లు దారులు పంచుకునే ప్రోటోకాల్). ఇంటర్‌ఫేస్ డౌన్ అని ఉంది కాబట్టి ఆ టైమ్ దాదాపు లింకు పడిన టైమే. అక్కడ డెడ్ టైమర్ ఎక్స్‌పైర్డ్ (పక్క రూటర్ నుంచి కబురు రాక గడువు తీరింది) అని ఉండి ఉంటే, ఈథర్నెట్ మీద డిఫాల్ట్ 40 సెకన్లు కాబట్టి అసలు తెగింది అంతకు 30, 40 సెకన్ల ముందు. లాగ్‌లో ఉండేది పరికరానికి తెలిసిన టైమ్, జరిగిన టైమ్ కాదు.

---

మూడోస్ట్రాటమ్:

రీచ్ 0కి కారణం చెప్తాను. సర్వర్‌లో టైమ్ సరిగ్గా ఉండటం వేరు, ఆ సర్వర్ ఇంకొకరికి టైమ్ చెప్పడం వేరు. ఉబుంటు సర్వర్‌లో 25.10కి ముందు వెర్షన్లలో మామూలుగా వచ్చేది సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ. అది ఒట్టి క్లయింట్. ఎన్‌టీపీ పోర్టు 123 మీద ఎవరడిగినా జవాబివ్వదు, ఇవ్వలేదు కూడా. మీ స్విచ్‌లు గోడకు చెప్పుకుంటున్నాయి.

క్రోనీ (ఇంకొకరికి కూడా టైమ్ చెప్పగల ఎన్‌టీపీ ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేయండి, టైమ్‌సింక్‌డీ దానంతటదే తప్పుకుంటుంది. ఇక్కడే రెండో గుంట. క్రోనీ కూడా మొదట్లో క్లయింట్‌గానే ఉంటుంది. కాన్ఫ్ ఫైల్‌లో ఈ లైను వేస్తేనే నోరు విప్పుతుంది:

అలౌ 10.10.0.0/16

రీస్టార్ట్ చేశాక సర్వర్‌లో ఎస్‌ఎస్ కమాండ్‌తో యూడీపీ 123 తెరుచుకుందో లేదో చూసుకోండి. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు సొంత ఫైర్‌వాల్) ఉంటే అందులోనూ తెరవాలి. క్రోనీసీ క్లయింట్స్ కొడితే ఏ స్విచ్‌లు అడుగుతున్నాయో ఐపీతో సహా కనిపిస్తాయి. 36లో ఎవరు రాలేదో పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

క్రోనీకి పైన సర్వర్లుగా ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) వాళ్ల సమయ్1 డాట్ నిక్ డాట్ ఇన్, సమయ్2 డాట్ నిక్ డాట్ ఇన్, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ల టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్ ఇవ్వండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఉన్నది ఈ మూడే. వీటితోగానీ, వీటికి అనుసంధానమైన సర్వర్లతోగానీ గడియారాలు సింక్ చేయాలని అందులో ఉంది. ప్రతి స్విచ్ బయటికి వెళ్లక్కర్లేదు. క్రోనీ బయట అడుగుతుంది, కోర్‌లు క్రోనీని అడుగుతాయి, యాక్సెస్ స్విచ్‌లు కోర్-1, కోర్-2, క్రోనీ మూడింటినీ అడుగుతాయి.

మూడు ఎందుకంటారా? రెండు సోర్సులు ఇచ్చి, రెండూ వేర్వేరు టైములు చెబితే ఎవరిది నిజమో పరికరానికి తెలిసే దారే లేదు. మూడు ఉంటే తప్పుడు దాన్ని పక్కన పెట్టొచ్చు. రెండు పెట్టడం కన్నా ఒకటి పెట్టడం నయం.

యాక్సెస్ స్విచ్‌లో వేయాల్సినవి, ఈ వరసలోనే:

క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30
ఎన్‌టీపీ సోర్స్ వీల్యాన్ 10
ఎన్‌టీపీ సర్వర్ 10.10.1.1 ప్రిఫర్
ఎన్‌టీపీ సర్వర్ 10.10.1.2
ఎన్‌టీపీ సర్వర్ 10.10.5.20

తర్వాత ఎగ్జెక్ మోడ్‌లోకి వచ్చి క్లాక్ సెట్‌తో టైమ్ చేత్తో ఒకసారి దగ్గరగా పెట్టండి. టైమ్‌జోన్ ముందే ఇచ్చి ఉండాలి, ఎందుకంటే క్లాక్ సెట్ తీసుకునేది లోకల్ టైమ్. జోన్ లేకుండా పన్నెండున్నర అని పెడితే అది యూటీసీ పన్నెండున్నర అయి కూర్చుంటుంది. సింక్ అవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మొదట్లో 64 సెకన్లకు ఒకసారి అడుగుతుంది, కుదురుకున్నాక 1024 దాకా పెంచుకుంటుంది. అరనిమిషం చూసి పనిచేయట్లేదని కాన్ఫిగ్ తీసేసి మళ్లీ వేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కోర్‌లో ఎన్‌టీపీ మాస్టర్ వేయమని ఎవరైనా చెబితే వినకండి. అది వేస్తే కోర్‌కు పైనుంచి టైమ్ రాకపోయినా స్ట్రాటమ్ 8 అని చెప్పుకుని తన సొంత గడియారాన్నే అందరికీ పంచుతుంది. పైగా దాని కింద ఉన్నవన్నీ నక్షత్రం లేకుండా, సింక్ అయినట్టే కనిపిస్తాయి. తప్పు టైమ్‌తో నక్షత్రం ఉన్న లాగ్ ఫర్వాలేదు, చూడగానే అనుమానం వస్తుంది. తప్పు టైమ్‌తో శుభ్రంగా కనిపించే లాగే ప్రమాదం.

---

పోర్ట్514:

సిస్‌లాగ్ వైపు ఎవరూ రాలేదు కాబట్టి అది నేను తీసుకుంటా.

17 లైను సర్వర్‌కి చేరకపోవడానికి ట్రాప్ లెవెల్ కారణం కాదు. అప్‌లింకు పడిందన్న కబురు వెళ్లాల్సింది ఆ అప్‌లింకు మీదుగానే కదా! యూడీపీకి మళ్లీ పంపడం తెలీదు, పోయిన ప్యాకెట్ పోయినట్టే. లింకు లేచాక కూడా పాత 802.1డీ స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా ఆపే పద్ధతి) ఉంటే పోర్టు ఫార్వర్డింగ్‌కి రావడానికి 15, 15 కలిపి 30 సెకన్లు. లేచిందన్న లైను కూడా ఆ సందులో పోవచ్చు. అందుకే స్విచ్ బఫర్ అనేది సర్వర్‌కి నకలు కాదు. సరిగ్గా మనకు కావాల్సిన నిమిషానికి సాక్ష్యం అదొక్కటే.

ఆ బఫర్ చాలా మోడళ్లలో డిఫాల్ట్‌గా 4096 బైట్లు. ఒక లైను వంద బైట్లనుకుంటే నలభై లైన్లు. పొద్దున్నే పీసీలు ఆన్ చేసే వేళకు రాత్రి సంగతులు కొట్టుకుపోతాయి. 65536 పెట్టండి. పెట్టే ముందు ఉన్నదాన్ని కాపీ చేసుకోండి, సైజు మార్చినప్పుడు పాతవి పోవచ్చు.

ట్రాప్ వార్నింగ్స్ మాత్రం తప్పక మార్చాల్సిందే, వేరే కారణానికి. లెవెల్స్ 0 (అత్యంత తీవ్రం) నుంచి 7 దాకా, వార్నింగ్స్ అంటే 4. 4 అంటే 4 ఒక్కటే కాదు, 0 నుంచి 4 వరకు. లింక్-3 వెళ్తుంది సరే. కానీ లైన్‌ప్రోటో-5, ఓఎస్‌పీఎఫ్-5, ఎవరు కాన్ఫిగ్ మార్చారో చెప్పే ఎస్‌వైఎస్-5, ఇవన్నీ 5లో ఉన్నాయి. పేరుకి నోటిఫికేషనే గానీ, తవ్వకాల్లో అక్కరకొచ్చేవన్నీ అక్కడే ఉంటాయి. ఏసీఎల్‌లో (ఏ ట్రాఫిక్‌ని వదలాలో ఆపాలో చెప్పే జాబితా) లాగ్ అని పెడితే వచ్చేవి 6. కాబట్టి సర్వర్‌కి ఇన్ఫర్మేషనల్ (లెవెల్ 6) దాకా పంపండి.

సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్ ఇయర్
సర్వీస్ సీక్వెన్స్-నంబర్స్
లాగింగ్ బఫర్డ్ 65536 ఇన్ఫర్మేషనల్
లాగింగ్ ట్రాప్ ఇన్ఫర్మేషనల్
లాగింగ్ సోర్స్-ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10
లాగింగ్ ఆరిజిన్-ఐడీ హోస్ట్‌నేమ్
లాగింగ్ హోస్ట్ 10.10.5.20
నో లాగింగ్ కన్సోల్

సీక్వెన్స్ నంబర్లు ఎందుకంటే, సర్వర్‌లో 4512 తర్వాత 4519 కనిపిస్తే మధ్యలో ఏవో రాలేదని, వెళ్లి బఫర్ చూడాలని తెలుస్తుంది. లెవెల్ వడపోతలో ఆగినవి కూడా నంబరు తినేస్తాయి, కాబట్టి ఖాళీ కనపడ్డ ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. కన్సోల్ ఎందుకు ఆపడమంటే, 9600 బాడ్ మీద అక్షరం అక్షరం నెట్టాలి. లాగ్‌ల వాన పడినప్పుడు పెట్టె ఆ పనిలోనే మునిగిపోతుంది.

లెవెల్ పెంచితే రొద పెరుగుతుందని భయముంటే, యూజర్ పోర్టుల మీద నో లాగింగ్ ఈవెంట్ లింక్-స్టేటస్ వేయండి. అప్‌లింకుల మీద మాత్రం వద్దు. రొదను లెవెల్‌తో కాకుండా పోర్టుతో తగ్గించాలి.

ఇక సర్వర్. పరికరం చెప్పిన టైమ్‌ని మాత్రమే నమ్మకండి. ఆర్‌సిస్‌లాగ్ టెంప్లేట్‌లో టైమ్‌జెనరేటెడ్ (సర్వర్‌కి అందిన టైమ్), ఫ్రమ్‌హోస్ట్-ఐపీ, ఆ వెనక మెసేజ్ మొత్తం రాయించండి. అప్పుడు ప్రతి లైనులో రెండు టైములుంటాయి. సరిగ్గా ఉన్న పరికరానికి రెండిటి మధ్య తేడా సెకనులోపు. ఎక్కడ పెరిగిందో చూస్తే లూప్‌బ్యాక్0 గారు చెప్పిన జబ్బులు ఘటన జరగకముందే దొరుకుతాయి.

సిస్కో పంపే రూపం ఆర్‌ఎఫ్‌సీ 3164 (సిస్‌లాగ్ లైను రూపం చెప్పే పత్రం) చెప్పినట్టు ఉండదు. ముందు సీక్వెన్స్ నంబరు, దాని తర్వాత హోస్ట్‌నేమ్ ఉండీ లేకా, ఆ వెనక టైమ్ ముందు నక్షత్రమో చుక్కో. మామూలు పార్సర్ 4512 అనే నంబర్నే హోస్ట్‌నేమ్ అనుకుని, ఆ పేరుతో ఫైళ్లు పుట్టించుకుంటూ పోతుంది. లాగ్ ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో వేల ఫైళ్లు కనిపిస్తే కారణమిదే. పీఎం సిస్కోఐఓఎస్ అనే పార్సర్ మాడ్యూల్ ఉంది, అది వాడండి. ఆరిజిన్-ఐడీ పెట్టారు కాబట్టి అందులో ప్రెజెంట్ డాట్ ఆరిజిన్ ఆన్ చేయాలి.

ప్యాకెట్ వస్తోందో లేదో అనుమానమైతే టీసీపీడంప్‌లో యూడీపీ 514 చూడండి. మొదట్లో యాంగిల్ బ్రాకెట్లలో 189 లాంటి అంకె ఉంటుంది. ఫెసిలిటీని (లాగ్ ఏ రకం సోర్సుదో చెప్పే అంకె) 8తో హెచ్చవేసి లెవెల్ కలిపితే వచ్చేది అది. సిస్కో డిఫాల్ట్ లోకల్7 అంటే 23. 23 ఎనిమిదులు 184, దానికి 5 కలిపితే 189. అంటే లెవెల్ 5 లైను. 187 వస్తే 3.

సెర్ట్-ఇన్ మాట వచ్చింది కాబట్టి: అదే ఆదేశంలో లాగ్‌లు 180 రోజులు ఉంచాలనీ ఉంది. మీ 40 పరికరాలు రోజుకు తలా 2000 లైన్లు, లైనుకు 150 బైట్లు రాస్తే రోజుకు 12 ఎంబీ, 180 రోజులకు రెండు జీబీ చిల్లర. అదొక లెక్కా! ఫైర్‌వాల్ ట్రాఫిక్ లాగ్ వేరే కథ. సెకనుకు 500 లైన్లు, 400 బైట్లు చొప్పున రోజుకే 17 జీబీ. దానికి వేరే డిస్కు చూసుకోండి. ఉబుంటులో ఆర్‌సిస్‌లాగ్‌తో వచ్చే లాగ్‌రొటేట్ ఫైల్‌లో సాధారణంగా వీక్లీ, రొటేట్ 4 అని ఉంటుంది, అంటే నెల దాటితే తుడిచేస్తుంది. మీరు కొత్తగా పెట్టుకున్న ఫైళ్లు ఆ జాబితాలోనే లేకపోతే రొటేట్ కాకుండా డిస్కు నిండేదాకా పెరుగుతాయి. రెండూ చూసుకోండి.

---

లూప్‌బ్యాక్0:

అన్నీ బాగున్నాయి గానీ లోకల్‌టైమ్ దగ్గర నాకు పేచీ ఉంది. పరికరాలన్నీ యూటీసీలో ఉంచి, చూసేటప్పుడు ఐఎస్‌టీకి మార్చుకోవడమే మంచిది. ఐఎస్‌టీ అనే మూడక్షరాలు ఇజ్రాయెల్‌కీ ఐర్లండ్‌కీ కూడా ఉన్నాయి. కొన్ని లాగ్ టూల్స్ వాటిని ఇష్టమొచ్చినట్టు అర్థం చేసుకుంటాయి.

పోర్ట్514:

బయటి దేశాల్లో బ్రాంచీలుంటే మీ మాటే రైటు. ఇక్కడ ఒకటే జోను, సమ్మర్ టైమ్ లేదు, అర్ధరాత్రి ఫోనొస్తే లేచి చూసేవాడు నిద్రకళ్లతో ఐదున్నర కలుపుకోవాలి. పైగా తేదీ కూడా మారుతుంది, పై రూటర్ లైను జులై 10 అని ఉండటం చూశారుగా. ఏదో ఒకటి పెట్టండి, సగం అదీ సగం ఇదీ వద్దు. టూల్ పేచీ పెడితే అందులో జోను పేరు కాకుండా +05:30 అని రాయించండి.

---

స్విచ్‌గది:

క్రోనీ, అలౌ లైనుతో 35 సింక్ అయ్యాయి. కోర్-1 బఫర్‌లో వరస కూడా దొరికింది. ఒకే మాడ్యూల్ మీది పోర్టులన్నీ 40 మిల్లీసెకన్ల లోపల పడ్డాయి. యాక్సెస్-31 ఒక్కటే మొండికేస్తోంది. దానికి ఇదివరకెప్పుడో డొమైన్ కంట్రోలర్ అయిన విండోస్ సర్వర్‌ని ఎన్‌టీపీగా ఇచ్చారు, ఇంకేదీ లేదు. రీచ్ 357 చూపిస్తోంది, అయినా సింక్ కాదు. 377 రావాలా?

మూడోస్ట్రాటమ్:

రీచ్ అష్టాంశ సంఖ్య. విడగొట్టి చూడండి: 3, 5, 7 అంటే 11, 101, 111. కలిపితే 11101111. కుడి చివరది తాజా జవాబు. సున్నా కుడి నుంచి ఐదోది, అంటే గత ఎనిమిది ప్రయత్నాల్లో ఐదు విడతల కిందటిది ఒక్కటే పోయింది. ఇది జబ్బు కాదు. ఇంకో నాలుగు పోల్స్ జవాబొస్తే ఆ సున్నా ఎడమ పక్కనుంచి రాలిపోయి 377 అవుతుంది. మొదలైన కొత్తలో 1, 3, 7, 17, 37 అని పెరగడం కూడా ఇందుకే.

అసలు సంగతి విండోస్ సర్వర్‌లో ఉంది. షో ఎన్‌టీపీ అసోసియేషన్స్ డీటెయిల్ కొట్టండి. ఇన్‌సేన్, ఇన్‌వ్యాలిడ్ అని ఉండి, రూట్ డిస్పర్షన్ (టైమ్‌లో ఎంత తప్పు ఉండొచ్చో చెప్పే అంకె) దగ్గర వేల మిల్లీసెకన్లు కనిపిస్తే, విండోస్ టైమ్ సర్వీస్ తన టైమ్ మీద తనకే నమ్మకం లేదని చెబుతోంది, స్విచ్ ఆ మాట నమ్ముతోంది. ప్యాకెట్ వచ్చిపోతోంది కాబట్టి రీచ్ నిండుతుంది, సింక్ మాత్రం కాదు. ఆ లైను నో పెట్టి తీసేసి, మిగతా వాటిలాగే మూడూ ఇవ్వండి. ఆ విండోస్ సర్వర్‌ని కూడా క్రోనీ వైపు తిప్పండి.

పది నిమిషాలాగి మళ్లీ అసోసియేషన్స్ చూడండి. ఐపీ ముందు నక్షత్రం, టిల్డా (~) రెండూ రావాలి. ఇక్కడి నక్షత్రం లాగ్‌లోని నక్షత్రానికి సరిగ్గా ఉల్టా, ఈ సోర్సునే ఎంచుకున్నానని అర్థం. ఒట్టి టిల్డా ఉంటే కాన్ఫిగ్ చేశారని మాత్రమే. ఎక్స్ ఉంటే అది అబద్ధం చెబుతోందని పక్కన పెట్టినట్టు.